గీత మీద కూర్చున్నవాళ్లు

మొన్న మా వీధి చివరి కిరాణా కొట్టులో కొత్త వేరుశెనగ బస్తా మూతి విప్పుతున్నప్పుడు లేచిన వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. ఎండిన ఎర్రమట్టి, పొట్టు దుమ్ము, గోనెనార, వీటన్నిటి అడుగున పచ్చిపప్పులోని సన్నటి నూనె కమ్మదనం. కందిపప్పు కోసం వెళ్లినదాన్ని, బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు గింజలు తీసి చూశాను. సగం గింజలకు ఎర్రపొర చిరిగిపోయి ఉంది. "ఇదేం ఇత్తనమప్పా, పొరంతా లేసిపోయిండాది?" అన్నాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "తినేదానికే గదా మేడం, నాటేదానికా?" అన్నాడు. అతను అన్నది నిజమే. నిజమైన మాటకు ఎదురు చెప్పకుండా ఊరుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు గనక, పొర చిరిగితే రుచి కూడా పోతుందని ఐదు నిమిషాలు వాదించి, కందిపప్పు సంగతే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

మాది కళ్యాణదుర్గానికి ఎనిమిది మైళ్ల దూరంలో, ఎర్రచేల మధ్య ఉన్న ఊరు. వాన అనేది మా ఊళ్లో ఎక్కువగా వార్తే. పక్క ఊళ్లో పడిందట అని చెప్పుకునే వార్త. ఉగాదికి చేసిన ఓళిగలు అయిపోయి, వాటి మీద పోసుకున్న నెయ్యిగిన్నె అడుగు కూడా గీకేసిన తర్వాత, ఇంక రెండు నెలలు పొద్దున సంగటి ఊరిబిండి పచ్చడి, మధ్యాహ్నం సంగటి మజ్జిగ, రాత్రికి ఏముందని అడిగితే తిట్లు. బండరాళ్ల గుట్టలు పగలంతా తాగిన ఎండను పొద్దుగూకాక మా ముఖాల మీదికి ఊదేవి. మేము ఆడపిల్లలం వేపచెట్టు కింద నున్నటి రాళ్లతో అచ్చనగాయలు ఆడుతూ, ఎగరేసిన రాయి కింద పడకముందే తగాదా మొదలుపెట్టి, ఆట కంటే తగాదానే ఎక్కువసేపు ఆడేవాళ్లం. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో విత్తనాలు వొలిచే పని వచ్చేది. మృగశిర కార్తెలో నాలుగు గట్టి చినుకులు పడితే ఊరంతా ఒకేసారి విత్తే గొర్రు కట్టాలి. ఆనాటికి విత్తనం సిద్ధంగా ఉండాలి. మరీ ముందుగా వొలిస్తే పురుగు పడుతుంది, ఆలస్యమైతే నేలలో పదును ఆరిపోతుంది. ఆ మూడు నాలుగు వారాలు మా ఇల్లు ఇల్లు కాదు, పొట్టు కుప్ప.

ముందురోజు సాయంత్రమే కాయల మీద నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పేవాళ్లు. తెల్లారేసరికి పెంకు మెత్తబడి, ఇంటినిండా తడిమట్టి వాసన పట్టేది. తలవాకిలి దాటగానే ఉండే పడసాల మధ్యలో నడుమెత్తు కుప్ప పోసి, దాని చుట్టూ పదీ పన్నెండుమంది ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. కాయ ముక్కును బొటనవేలితో నొక్కితే టప్పుమని విచ్చుకుంటుంది. పన్నెండుమంది చేతుల్లో ఆ చప్పుడు కలిసిపోతే బండల మీద తొలకరి పడుతున్నట్టే ఉండేది. కళ్లు మూసుకుని వినేదాన్ని. మూడోరోజుకల్లా బొటనవేళ్లు వాచి, అందరూ పాతచీర పేలికలు చుట్టుకునేవాళ్లు. నొప్పికి ఓర్చుకోలేక ఎవరైనా కాయను పళ్లతో కొరికారో, మా అవ్వ గొంతు మిద్దె అదిరిపోయేట్టు లేచేది. పళ్లు తగిలితే గింజ మీది పొర చిరుగుతుంది, పొర చిరిగితే మొలక రాదు. అది పైకి చెప్పే కారణం. లోపలి కారణం, నోటిదాకా వెళ్లిన కాయ తిరిగి వస్తుందని అవ్వకు నమ్మకం లేకపోవడం.

అవ్వ అంటే మా నాయన తల్లి. పొట్టి మనిషి, దవడలో ఎప్పుడూ వక్కాకు, చూపు మాత్రం ఊరి పొలిమేర దాకా. పని మొదలైన రోజు ఆమె చేసే మొదటి పని గీత గీయడం. కుప్ప పోయకముందే నన్ను పడసాల మధ్యలో కూర్చోబెట్టి, తాడు ఒక కొస నా చేత పట్టించి, రెండో కొసకు సుద్దముక్క కట్టి, తాడు బిగదీసి పట్టుకుని నా చుట్టూ గుండ్రంగా తిరిగేది. ఆ గీత మీదే అందరూ కూర్చోవాలి. "కుప్పకు దగ్గర జరిగిన చెయ్యి లావుకాయలు ఏరుకుంటాది, దూరం పోయిన నోరు కూలి చాలలేదంటాది. అందరికీ ఒకటే తాడు" అనేది. తాడు పొడుగు రెండున్నర గజాలకు తక్కువే, పడసాల ఇరుకు, అందువల్ల గీత మా తలవాకిలి ఒక కొయ్య దగ్గర గడప దాటి, బయట అరుగు మీదికి ఒక మూరెడు ఉబ్బి, రెండో కొయ్య దగ్గర మళ్లీ లోపలికి వచ్చేది. కాడి ఎద్దులు పక్కపక్కనే దూరేంత వాకిలి మాది.

గడప అవతల ఉబ్బిన ఆ గీత ముక్క మీద హనుమక్కా ఆమె చెల్లెలూ కూర్చునేవాళ్లు. ఊరి బయటి కాలనీ నుంచి వచ్చేవాళ్లు వాళ్లు. వాళ్ల కులంవాళ్లు మా గడప దాటి లోపలికి రాకూడదు. లోపలివాళ్లు చేట నిండా కాయలు పెట్టి గడప మీదికి తోస్తే, వాళ్లు వొలిచి విత్తనాలు అదే చేటలో తిరిగి తోసేవాళ్లు. గడప ఎత్తుగా ఉంటుంది, ద్వారం కొయ్యతో ఉంటుంది, హనుమక్క బయట ఉంటుంది: నాకు ఈ మూడూ ఒకే రకం సంగతులుగా తోచేవి.

నోటికి పని చెప్పడం అవ్వ రెండో నియమం. మాట్లాడే నోరు నమల్లేదు గనక, వొలిచినంతసేపూ ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి, మిగతావాళ్లు అందుకోవాలి. వాళ్లకు నవ్వు వచ్చినా కోపం వచ్చినా ఫరవాలేదు, దవడ మాత్రం ఆగకూడదు. మొదటివారం పాటలు, రెండోవారం పొడుపుకథలు, మూడోవారానికి ఊళ్లోవాళ్ల సంసారాలు. అవీ అయిపోయాక ఏం చెయ్యాలన్న బాధ ప్రతి ఏడూ ఉండేది. ఆ ఒక్క ఏడు మాత్రం ఆ లోటు నేను తీర్చాను.

ఎందుకంటే ఆ ఏడు నేను పదో తరగతి తప్పాను. మిగతా అన్నింట్లో మంచి మార్కులు వచ్చి లెక్కల్లో మూడు మార్కులు తక్కువయ్యాయి. తెలియక తప్పి ఉంటే ఇంత బాధ లేదు, నేను వాదించి తప్పాను. ఒక వృత్తఖండంలోని కోణాలన్నీ సమానమని నిరూపించమని అడిగారు. మా లెక్కల సారు బడిలో అది చెప్పినప్పుడే నాకు ఒళ్లు మండింది. ఆయన వృత్తం గీసి, అడ్డంగా ఒక గీత గీసి, వృత్తం మీద ఒక చుక్క పెట్టి, గీత రెండు కొసలనూ దానికి కలిపి, ఆ చుక్క దగ్గరి కోణం గురించి ఏవో నాలుగు మెట్లు రాసి, "కాబట్టి అన్ని బిందువులకూ ఇంతే" అన్నాడు. నేను లేచి, "మీరు ఒక్క చుక్కకే చెప్పినారు సార్, తక్కిన చుక్కలను ఎవరు చూసినారు?" అన్నాను. "నువ్వు కూర్చో" అన్నాడు. కూర్చున్నాను గానీ ప్రశ్న కూర్చోలేదు. పరీక్ష కాగితం మీద నిరూపణకు బదులు, ఒక చుక్కను చూసి వేల చుక్కలకు సాక్ష్యం చెప్పడం అన్యాయమని ఒక పేజీ రాసి వచ్చాను.

నాయన అరిచే మనిషి కాదు. మజ్జిగ చెంబు దించి, మీసం తుడుచుకుని, "జూన్‌లో మళ్లా రాయి. పాసయితే కాలేజీకి పంపిస్తా. లేకుంటే ఇంక చదువు మాట ఎత్తొద్దు, ఇంట్లో పని చూసుకో" అన్నాడు. ఆయన ఒకసారి అంటే అన్నట్టే. కళ్యాణదుర్గం బస్సు ఎక్కడమా, జీవితాంతం ఈ పడసాలలో బొటనవేలికి పేలిక చుట్టుకోవడమా అన్నది ఒక్క లెక్కల పేపరు మీదికి వచ్చింది.

పుస్తకం పట్టుకుని మూల కూర్చున్న నన్ను చూసి అవ్వకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "మ్మే, ఆ గొణిగేదేదో గట్టిగా గొణుగు. నీకు చదువొస్తాది, నాకు ఇత్తనాలు మిగుల్తాయి" అంది. అలా మూడోవారం నుంచి మా ఇంట్లో పాటలకు బదులు సిద్ధాంతాలు మొదలయ్యాయి. నేను "అర్ధవృత్తంలోని కోణం" అంటే, పన్నెండుమంది ఆడవాళ్లు కాయలు నొక్కుతూ "లంబకోణం" అని సాగదీసేవాళ్లు. "కేంద్రం దగ్గరి కోణం" అంటే "రెండింతలూ..." అని వంత. లచ్చుమక్క అనే ఆవిడ దానికి సుద్దులు చెప్పే వరస కట్టేసింది. దారినపోయేవాళ్లు ఆగి, లోపల ఏ దేవుడికి భజన జరుగుతోందని అడిగేవాళ్లు.

"ఒకే ఖండంలోని కోణాలు" దగ్గరికి వచ్చేసరికి లచ్చుమక్కే వంత ఆపింది. ఆమె ఎప్పుడూ తనకు గాలి తగలడం లేదని సణిగే మనిషి. "అందరికీ సమానమంటావేమ్మే? నేను ఈ మూలకు చచ్చినాను, నాకు వాకిలి పేలికంత కనపడతాంది. ఎదురుగా కూచున్నోళ్లకు బారెడు. ఇది యాడి సమానం?" అంది. వెంటనే తక్కినవాళ్లు తలా ఒక మాట. ఒక్క క్షణం చేతులన్నీ ఆగిపోయాయి. అవ్వ, "కొలిచి చూపీ దానికి, లేకుంటే పొద్దుమునిగేదాకా ఇదే రామాయణం" అంది.

నా డబ్బాలోంచి పసుపురంగు కోణమానిని తీసుకుని, ఒక్కొక్కరి పక్కనే గీత మీద కూర్చుని, దాన్ని కంటి కింద ఆనించి, వాకిలి కుడి కొయ్యకూ ఎడమ కొయ్యకూ మధ్య ఎన్ని డిగ్రీలో చూశాను. ఎదురుగా నడుమన కూర్చున్నామెకు ముప్పై ఏడు. ఆమె పక్కామెకు ముప్పై ఆరు. మూలనున్న లచ్చుమక్కకు ముప్పై ఏడు. కొయ్యకు దగ్గరగా ఒరిగి కూర్చున్నామెకు ముప్పై ఎనిమిది. నా చెయ్యి వణుకు తీసేస్తే అందరికీ ఒకటే వాకిలి. దగ్గరకు జరిగినవాళ్లకు వాకిలి ఓరగా కనిపించి, ఆ ఓర వల్ల దగ్గరతనపు లాభం పోతుంది. లచ్చుమక్క నమ్మలేదు, ఎదురుగా ఉన్నామెను లేపి అక్కడ కూర్చుని చూసుకుని, మళ్లీ తన చోటికి వచ్చి, "సమానమంట! అయినా నాకు గాలి రాల్యా" అంది. ఇల్లంతా నవ్వింది, అవ్వ కూడా వక్కాకు చాటున నవ్వింది.

ఉత్సాహం పట్టలేక గడప దాటి హనుమక్క దగ్గరికి వెళ్లాను. ఆమె పక్కన కూర్చుని చూస్తే నూట నలభై మూడు. లోపలి కోణమూ ఇదీ కలిపితే నూట ఎనభై, అచ్చం పుస్తకంలో రాసినట్టే. "హనుమక్కా, అందరికంటే నీదే పెద్దకోణం! వాకిలంతా నీదే!" అని అరిచాను. ఆమె చేటలోంచి తల ఎత్తకుండా, "ఎండ గూడా నాదే పాపా, అది గూడా కొలిచి చెప్పు" అంది. లోపల మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను.

కొలవడం అయితే కొలిచాను గానీ, నా పాత సందేహం తీరలేదు, ఇంకా పెరిగింది. పన్నెండుమందిని చూశాను, పదమూడో మనిషి వస్తే? ఇద్దరి మధ్య ఖాళీలో ఎవరైనా ఇరుక్కుంటే? పరీక్ష వారం రోజుల్లోకి వచ్చింది. నిరూపణ కంఠతా వచ్చు, కానీ నమ్మని మాటను రాయాలంటే నా కలం ముందుకు కదిలేది కాదు. మళ్లీ వాదనకే దిగుతానేమోనని నాకే భయం వేసింది. ఒక మధ్యాహ్నం అందరూ సంగటి తిని కొంగు పరుచుకుని నడుం వాల్చారు. నేను గడప మీద కూర్చుని నోటుపుస్తకం ముందు ఏడుపు ముఖం పెట్టాను. బయట, అరుగు మీది మూరెడు నీడలో హనుమక్క గోడకు ఆనుకుని ఉంది. దాహమంటే చెంబుతో నీళ్లు తెచ్చి ఎత్తి పోశాను. ఆమె దోసిలి పట్టి తాగి, ముఖం తుడుచుకుని, "ఏమయ్యె? మొగం మాడ్చుకోనుండావ్?" అంది.

చెప్పాను. ఒక్క చుక్కకు చెప్పి అన్నిటికీ అంటారు, అది నాకు మింగుడు పడదని చెప్పాను.

"యాడ, పటం లేకుండా ఒకసారి చెప్పు నాకు" అంది.

ఆమెకు చదువు రాదు. అందుకని అవ్వ తాడుతోనే చెప్పాను. కుప్ప నడుమనుంచి వాకిలి కుడి కొయ్యకు ఒక తాడు, ఎడమ కొయ్యకు ఒక తాడు, లచ్చుమక్కకు ఒక తాడు, మూడూ ఒకటే పొడుగు. రెండు తాళ్లు సమానమైన ముక్కోణంలో ఆ తాళ్ల కొసల దగ్గరి మూలలు సమానం. ఆ లెక్కన కూడుకుంటూ పోతే, కుప్ప దగ్గర వాకిలి చేసే కోణం లచ్చుమక్క దగ్గర చేసే కోణానికి రెండింతలు అవుతుంది. లచ్చుమక్క మరీ పక్కకు జరిగితే కూడికకు బదులు తీసివేత, అంతే తేడా. కుప్ప దగ్గరి కోణం ఎప్పుడూ మారదు, కాబట్టి దానిలో సగమూ మారదు.

హనుమక్క కాసేపు వాకిలి కొయ్యల వంకా, ఖాళీగా ఉన్న గీత వంకా చూసింది. "ఇందులో లచ్చుమక్కను నువ్వేమడిగినావు?" అంది.

"ఏం అడగలేదే."

"అదే గదా నేను చెప్పేది. ఆయమ్మ పొట్టిదా, పొడుగుదా, ఎవరింటిదా, ఏం కులమా, ఏమీ అడగల్యా. తాడు సరిపోయిందా, గీత మింద కూచున్యాదా, అంతే అడిగినావు. లచ్చుమక్కను లేపి మీ అవ్వను కూచోబెట్టు, నన్ను కూచోబెట్టు, ఇంగ పుట్టబోయేదాన్ని కూచోబెట్టు, అదే మాట వస్తాది. ఏమన్నా అడిగింటే గదా పాపా తేడా వచ్చేది!"

ఇన్నాళ్లూ సారు చెప్పలేనిది, పుస్తకం చెప్పనిది అంతే. ఆ ఒక్క చుక్క ఎవరో ఒకరు కాదు, దాని దగ్గర ఏ గుర్తూ అడగలేదు గనక అది అందరూ. సంతోషం పట్టలేక లోపలికి పరిగెత్తి, నిద్రపోతున్న లచ్చుమక్క కాలు తొక్కి తిట్లు తిన్నాను.

జూన్ మొదట్లో, పడమటి గాలి మొదలైన రోజుల్లో పరీక్ష రాశాను. ఆ ప్రశ్నే మళ్లీ వచ్చింది. నిరూపణంతా పద్ధతిగా రాసి, కింద ఒక వాక్యం చేర్చాను: ఈ బిందువును వృత్తం మీద, ఈ వైపున ఉందా అని తప్ప ఇంకేమీ అడగలేదు, కాబట్టి ఇది ప్రతి బిందువుకూ వర్తిస్తుంది. దిద్దినవాళ్లకు ఆ వాక్యం నచ్చిందో, అడ్డం రాలేదో తెలియదు. పాసయ్యాను.

ఫలితం తెలిసిన సాయంత్రం ఇల్లంతా ఏరువాక పండగ సందడిలో ఉంది. ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తున్నారు, మిగిలిన విత్తనాల చివరి చేట బయట అరుగు మీద హనుమక్క చేతిలో ఉంది. నాయన నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది భుజం మీద చెయ్యి వేసి, "బలే పని చేసినావు. సారు దగ్గరే రాని లెక్క ఇంట్లో ఎట్ల వచ్చింది? ఎవరు చెప్పిచ్చినారు?" అన్నాడు.

హనుమక్క తల ఎత్తి నా వంక చూసింది. అవ్వ చూసింది. ఒక్క పేరు చెప్పాలి. ఆ పేరు చెబితే నాయన నవ్వుతాడేమో, అవ్వ నా చదువునే చిన్నచూపు చూస్తుందేమో, భుజం మీది చెయ్యి తీసేస్తాడేమో అనిపించింది. "ఎవరూ ల్యా, నేనే చదువుకున్యా" అన్నాను.

హనుమక్క మళ్లీ చేటలోకి వంగింది. పది రోజుల తర్వాత ట్రంకుపెట్టె తలకెత్తుకుని నన్ను బస్సెక్కించడానికి వచ్చింది కూడా ఆమే. బస్టాపులో నిలబడ్డ ఆడవాళ్లతో, "ఈయమ్మ ఒక్కతే చదువుకున్యాదంట, ఇన్యారా? కాపీ గూడా కొట్టకుండా!" అని పెద్దగా నవ్వింది. నేను కిటికీ అవతలి వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊళ్లో విత్తనాలను యంత్రం వొలుస్తుంది. ఒక గంటలో ఊరందరి కాయలూ అయిపోతాయి, యంత్రం తింటుందని ఎవరికీ భయం లేదు. పడసాలను చిన్నాయన వాటాకు అడ్డుగోడ కట్టి రెండు చేశారు. తలవాకిలి కొయ్యలు ఎవరో కొనుక్కుపోయారు, వాటి చోట ఇనుప షట్టరు వచ్చింది. అవ్వ లేదు, నాయన లేడు. ఆ భజనలు పాడిన గొంతుల్లో ఒకటో రెండో మిగిలాయి. ఆ రోజులు పోయాయని బాధపడేదాన్నే గానీ, పోయినవన్నీ తిరిగి రావాలని అనను. చెంబుతో ఎత్తి పోసిన నీళ్లూ, దోసిలీ తిరిగి రానక్కరలేదు. సారుతో, పుస్తకంతో, కొట్టువాడితో వాదించిన దాన్ని, ఆ గడపతో మాత్రం ఒక్కసారి కూడా వాదించలేదు.

హనుమక్క పోయి చాలా ఏళ్లయింది. నేను చదువుకుని, ఉద్యోగం చేసి, నలుగురిలో నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు తప్పు నాయనా. హనుమక్క చెప్పిచ్చింది.